దరఖాస్తు ఆన్‌లైన్‌లోకి వచ్చింది, భారం ఎవరి మీద పడింది?

కార్యాలయానికి రానక్కర్లేదు, ఇంటి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చని ప్రకటన వస్తుంది. వెబ్‌సైటు తెరిస్తే ఒక ఫారం కనిపిస్తుంది. దాన్ని దించుకుని, ప్రింటు తీసి, చేత్తో నింపి, సంతకం చేసి, స్కాన్ చేసి మళ్లీ ఎక్కించాలి. వెంట పుట్టిన తేదీకి ఒక రుజువు, చిరునామాకు ఒకటి, ఆదాయానికి మరొకటి జత చేయాలి. ఆ మూడు పత్రాలూ ఇచ్చింది ప్రభుత్వమే. ఒక శాఖ ఇచ్చిన కాగితాన్ని ఇంకో శాఖకు చేర్చే పని ఇదివరకు వరుసల్లో నిలబడి చేసేవాళ్లం, ఇప్పుడు స్కానర్ ముందు కూర్చుని చేస్తున్నాం. చేసేది మాత్రం మనమే.

డిజిటల్ పాలన మీద చర్చ మొదలైతే యాప్‌లు, పోర్టళ్లు, కృత్రిమ మేధ అంటూ మాటలు ఎటెటో పోతాయి. నాకు మాత్రం అడగవలసిన ప్రశ్న ఒకటే కనిపిస్తుంది. కొత్త వ్యవస్థ వచ్చాక భారం ఎటు జరిగింది? కాగితాలు చేరవేసే భారం ఉంటుంది, నియమాలు అర్థం చేసుకునే భారం ఉంటుంది, తప్పు జరిగితే నిరూపించుకునే భారం ఉంటుంది. ఇవి పౌరుడి మీద నుంచి ప్రభుత్వం మీదికి జరిగితే అది మెరుగుదల. ప్రభుత్వం తన భుజం మీదివి దించి పౌరుడి మీద పెడితే, తెర ఎంత అందంగా ఉన్నా అది నష్టమే. గత పాతికేళ్లలో వివిధ దేశాలు చేసిన ప్రయోగాలను ఈ దృష్టితో చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ఒకసారి చెబితే చాలు

మొదట ఎస్టోనియా. సుమారు 13 లక్షల జనాభా ఉన్న ఈ చిన్న దేశం 1991లో సోవియట్ యూనియన్ నుంచి బయటపడింది. ఖజానాలో డబ్బు తక్కువ, సిబ్బంది తక్కువ. ఊరూరా కార్యాలయాలు నడిపే స్తోమత లేదు. అయినా 1990ల చివరికి ఒక్కో శాఖా తన కంప్యూటర్లలో తన డేటాబేస్ పెట్టుకుంది. ఇలాంటి పరిస్థితిలో ఏ ప్రభుత్వానికైనా తట్టే ఆలోచన, వాటన్నిటినీ ఒకచోట పోగేసి మహా డేటాబేస్ ఒకటి కట్టడం. ఎస్టోనియా ఆ దారిలో వెళ్లలేదు. ఎవరి సమాచారం వారి దగ్గరే ఉంచి, వాటి మధ్య సురక్షితమైన రాకపోకల ఏర్పాటు చేసింది. 2001లో మొదలైన ఆ ఏర్పాటు పేరు ఎక్స్-రోడ్.

అది పనిచేసే తీరు కొంచెం దగ్గరగా చూడాలి. జనాభా రిజిస్టరు ఒక శాఖ దగ్గర ఉంటుంది, పన్నుల లెక్కలు మరో శాఖ దగ్గర, వాహనాల వివరాలు ఇంకో శాఖ దగ్గర. ప్రతి శాఖ వాకిట్లో ఒక భద్రతా సర్వర్ ఉంటుంది. ఒక శాఖకు మరో శాఖ నుంచి ఒక వివరం కావాలంటే ఆ అభ్యర్థన ఈ సర్వర్ల గుండానే వెళ్లాలి. మధ్యలో ఎవరూ చదవలేని సంకేత భాషలో, అడిగిన శాఖ డిజిటల్ సంతకంతో, సమయ ముద్రతో వెళుతుంది. జవాబూ అలాగే తిరిగి వస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏమి అడిగారో రెండు వైపులా నమోదవుతుంది. ఎవరు ఏ వివరం అడగవచ్చో ముందే ఒప్పందాల్లో రాసి ఉంటుంది. అనుమతి లేని ప్రశ్నకు వ్యవస్థ జవాబివ్వదు.

పౌరుడి చేతిలో చిప్ ఉన్న గుర్తింపు కార్డు ఉంటుంది. 2002 నుంచి ఇస్తున్న ఈ కార్డుకు రెండు రహస్య సంఖ్యలు. మొదటిది, తానెవరో నిరూపించుకుని లోపలికి వెళ్లడానికి. రెండోది సంతకం చేయడానికి. ఈ సంతకానికి చట్టం ముందు చేతి సంతకంతో సమానమైన విలువ ఉంది. లోపలికి వెళ్లడం వేరు, సంతకం పెట్టడం వేరు అనే ఈ విభజన చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. తలుపు తీసినంత మాత్రాన దస్తావేజు మీద వేలిముద్ర వేసినట్టు కాదు కదా. ఫోనుకు వచ్చిన ఒకే ఒక్క సంఖ్యతో లోపలికి వెళ్లడం, ఒప్పుకోవడం, సంతకం పెట్టడం అన్నీ జరిగిపోయే వ్యవస్థల్లో మోసానికి దారి అక్కడే తెరుచుకుంటుంది.

ఇక చట్టం. ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్న వివరాన్ని మళ్లీ పౌరుడిని అడగకూడదన్నది అక్కడి సూత్రం. ఒకే సమాచారాన్ని సేకరించడానికి రెండు వేర్వేరు డేటాబేస్‌లు పెట్టకూడదని చట్టంలోనే ఉంది. దీని ఫలితం కుటుంబ భృతుల విషయంలో బాగా కనిపిస్తుంది. 2019 నుంచి అక్కడ బిడ్డ పుట్టుక నమోదైతే ఆ కబురు సామాజిక బీమా శాఖకు దానంతటదే చేరుతుంది. తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టనక్కర్లేదు. మీకు ఈ భృతులు వర్తిస్తాయి, వివరాలు సరిచూసుకోండి అని శాఖే వారికి రాస్తుంది. వారు చూసి సరేనంటే సరిపోతుంది. దరఖాస్తును ఆన్‌లైన్‌లో పెట్టడానికి, అసలు దరఖాస్తు అవసరమే లేకుండా చేయడానికి మధ్య ఉన్న దూరం ఇది. చాలా ప్రభుత్వాలు మొదటిదాన్ని చూపించి రెండోది సాధించినట్టు చెప్పుకుంటాయి.

శాఖలన్నీ ఇలా సమాచారం ఇచ్చిపుచ్చుకుంటే నిఘా రాజ్యం కాదా అనే అనుమానం న్యాయమైనదే. ఎస్టోనియా జవాబు ఏమిటంటే, తన వివరాలను ఎవరు చూశారో పౌరుడే పోర్టల్‌లో చూసుకోవచ్చు. పోలీసు అధికారి అయినా, వైద్యుడైనా కారణం లేకుండా చూస్తే నిలదీయవచ్చు, చర్య కోరవచ్చు. ప్రభుత్వం పౌరుడిని చూసినట్టే పౌరుడూ ప్రభుత్వాన్ని చూడగలగాలి. ఈ రెండో చూపు లేని చోట డేటాబేస్‌లను కలపడాన్ని నేను సమర్థించలేను.

అక్కడ అంతా సాఫీగా సాగిందనుకోకూడదు. 2007లో బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ వెబ్‌సైట్ల మీద వారాల తరబడి సైబర్ దాడులు జరిగాయి. 2017లో గుర్తింపు కార్డుల చిప్‌లో భద్రతా లోపం బయటపడింది. సుమారు 7.5 లక్షల కార్డులు దాని పరిధిలోకి వచ్చాయి. అంటే దేశ జనాభాలో సగానికి మించి. ప్రభుత్వం దాన్ని దాచలేదు. సెప్టెంబరులో ప్రజలకు చెప్పింది, నవంబరులో ఆ కార్డుల డిజిటల్ ధ్రువీకరణలను నిలిపివేసి, చాలామంది ఇంటి నుంచే సరిచేసుకునే ఏర్పాటు చేసింది. అన్ని తలుపులకూ ఒకటే తాళంచెవి ఉంటే, అది చెడిన రోజుకు ఏమి చేయాలో ముందే ఆలోచించుకోవాలని ఈ ఉదంతం చెబుతోంది. 13 లక్షల మంది ఉన్న దేశం కాబట్టి సాగిందనే వాదనలో కొంత నిజం ఉంది. కానీ ఎవరి డేటా వారి దగ్గరే ఉండే పద్ధతి, నిజానికి, పెద్ద దేశాలకే ఎక్కువ నప్పుతుంది. అన్నిటినీ ఒకచోట పోగేస్తే దేశం ఎంత పెద్దదో ప్రమాదమూ అంత పెద్దది.

ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారు?

బ్రిటన్ వేరే చోట నుంచి మొదలుపెట్టింది. అక్కడ వందల ప్రభుత్వ వెబ్‌సైట్లు ఉండేవి. ఏ శాఖకు ఆ శాఖ తన మంత్రి ఫొటోలు, తన నిర్మాణం, తన పరిభాషతో పేజీలు నింపుకునేది. పౌరుడికి తన పని ఏ శాఖ కిందికి వస్తుందో ముందే తెలిసి ఉండాలి. 2011లో ఏర్పడిన ప్రభుత్వ డిజిటల్ సేవా విభాగం దీన్ని తిరగేసింది. 2012 అక్టోబరులో గవ్.యూకే అనే ఒకే సైటు వచ్చింది. 2014 చివరికి 300కు పైగా సంస్థల సైట్లు అందులోకి చేరాయి. వారు రాసుకున్న మొదటి నియమం, ప్రజల అవసరంతో మొదలుపెట్టాలని. ఆ సైటులో సెలవుల పేజీ చూస్తే ఆ నియమం అర్థమవుతుంది. పేజీ తెరవగానే పైన పెద్ద అక్షరాల్లో రాబోయే సెలవు తేదీ ఉంటుంది. ఆ పేజీకి వచ్చేవారిలో ఎక్కువమందికి కావలసింది అదే. మిగిలిన జాబితా కిందికి వెళ్లిపోయింది.

ఫారాల దగ్గర ఇంకా ఓపికగా పనిచేశారు. ఇంట్లో అనారోగ్యంతో ఉన్నవారిని చూసుకునేవారికి ఇచ్చే భృతి దరఖాస్తులో ప్రశ్నలు దాదాపు సగానికి తగ్గించారు. ఇది ప్రోగ్రామర్ చేసే పని కాదు. ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, ఈ జవాబు చూసి మీరు తీసుకునే నిర్ణయం ఏమిటని శాఖను అడగాలి. ఏ నిర్ణయమూ లేకపోతే ఆ ప్రశ్న తీసేయాలి. వినడానికి తేలిక. కానీ ప్రతి ప్రశ్న వెనుకా ఎప్పుడో జరిగిన ఒక తనిఖీ, ఒక ఆడిట్ అభ్యంతరం, ఎందుకైనా మంచిదనుకున్న ఒక అధికారి ఉంటారు. ప్రశ్న చేర్చినందుకు ఎవరినీ ఎవరూ తప్పుపట్టరు, తీసేసినందుకు తప్పుపడతారు. అందుకే ఫారాలు ఏటా పెరుగుతాయే తప్ప తగ్గవు.

నా దరఖాస్తు ఏమైంది? ప్రభుత్వ కార్యాలయాలకు వచ్చే ఫోన్లలో ఈ ప్రశ్నకు పెద్ద వాటా ఉంటుంది. 2016లో గవ్.యూకే వారు అన్ని శాఖలూ వాడుకునేలా ఒక సందేశ సేవ తయారుచేశారు. దరఖాస్తు అందింది, పరిశీలనలో ఉంది, నిర్ణయం అయింది అని ఎప్పటికప్పుడు ఎస్సెమ్మెస్, ఈమెయిల్ పంపడమే దాని పని. మనిషి ఆందోళనను అంత తక్కువ ఖర్చుతో తగ్గించే సాధనం మరొకటి ఉండదనిపిస్తుంది.

టెండర్ గెలిచినవారు, సేవ కట్టేవారు

అమెరికాలో ఆరోగ్య బీమా కోసం కట్టిన హెల్త్‌కేర్.గవ్ అనే వెబ్‌సైటు 2013 అక్టోబరు 1న మొదలైంది. మొదటి రోజు నమోదు పూర్తిచేయగలిగినవారు ఆరుగురు. డజన్ల కొద్దీ కాంట్రాక్టర్లు తలా ఒక ముక్క కట్టారు. ముక్కలన్నీ కలిసి పనిచేస్తున్నాయో లేదో చూడవలసిన బాధ్యత ఎవరిదన్నది మాత్రం తేలలేదు. పైగా బీమా పథకాల ధరలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాలనే నిర్ణయం చివర్లో తీసుకున్నారు. దాంతో ఊరికే చూసి పోదామని వచ్చినవారు కూడా ఆ ఇరుకు ద్వారం దగ్గరే చిక్కుకున్నారు. చిన్న బృందం ఒకటి నెలల తరబడి కూర్చుని దాన్ని నిలబెట్టింది. ఆ అనుభవంతోనే 2014లో అమెరికా ప్రభుత్వం తనలోనే డిజిటల్ సేవా విభాగాన్ని పెట్టుకుంది. మంచి ఇంజినీర్లు ప్రభుత్వం లోపల లేకపోతే, బయటివారు కట్టింది మంచిదో కాదో చెప్పగలిగినవారు కూడా ఉండరు.

కట్టడానికి డబ్బు దొరుకుతుంది, ప్రారంభోత్సవం ఉంటుంది కాబట్టి. నిర్వహణకు దొరకదు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు ఒక్కసారిగా వెల్లువెత్తినప్పుడు, న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసిన ప్రోగ్రామర్లు కావాలని బహిరంగంగా అడగవలసి వచ్చింది. కోబాల్ 1959లో రూపుదిద్దుకున్న భాష. దశాబ్దాలుగా నడుస్తోంది కదా అని వదిలేసిన వ్యవస్థ, జనానికి అత్యంత అవసరమైన వారంలోనే మొరాయించింది.

తెర దాకా రాలేనివారు

డెన్మార్క్ 2014 నవంబరు నుంచి ప్రభుత్వ ఉత్తరాలన్నిటినీ డిజిటల్ పెట్టెకే పంపుతోంది. అయితే కంప్యూటర్ వాడలేనివారు మినహాయింపు కోరుకోవచ్చు, వారికి కాగితం ఉత్తరమే వస్తుంది. ఈ రెండో వాక్యం లేకుండా మొదటి వాక్యం అన్యాయం. ఏళ్ల తరబడి కాయకష్టం చేసినవారి వేలిముద్రలు అరిగిపోతాయి, యంత్రం గుర్తించదు. చూపు మందగించినవారు తెర మీది అక్షరాలు చదవలేరు. వారు పని జరగడం కోసం తమ రహస్య సంఖ్యలను మధ్యవర్తి చేతిలో పెడతారు. ఆ క్షణంలో అన్ని భద్రతా ఏర్పాట్లూ వృథా అయిపోతాయి. మనిషి కూర్చునే కౌంటర్‌ను ఎత్తివేయడం వల్ల మిగిలే డబ్బును ఆదాగా చూపించే లెక్కలు ఈ ఖర్చును చూపించవు. అది పేదవారి జేబులోంచి పోతుంది కాబట్టి లెక్కకు రాదు.

యంత్రం తప్పు చేస్తే

ఇంతవరకు చెప్పినవి ఇబ్బందులు. ఇప్పుడు చెప్పేవి జీవితాలను కూల్చిన సంగతులు.

ఆస్ట్రేలియాలో భృతి పొందేవారు రెండు వారాలకోసారి, అంటే పక్షానికోసారి, తమ సంపాదన చెప్పాలి. ఆ పక్షంలో సంపాదించినదాన్ని బట్టి భృతి తగ్గుతుంది. పన్నుల శాఖ దగ్గర ఉండేది మాత్రం ఏడాది మొత్తం ఆదాయం. 2016 నుంచి పూర్తిస్థాయిలో నడిచిన రోబోడెట్ అనే పథకంలో, కంప్యూటర్ ఆ ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచి, మనిషి చెప్పిన లెక్కతో పోల్చింది. ఉదాహరణకు ఒకరు మొదటి 13 పక్షాలు పక్షానికి 2,000 డాలర్లు సంపాదించి, తర్వాత ఉద్యోగం పోయి మిగతా 13 పక్షాలు భృతి తీసుకున్నారనుకుందాం. ఆ కాలంలో సంపాదన సున్నా అని నిజాయితీగా చెప్పారు. ఏడాది ఆదాయం 26,000. 26తో భాగిస్తే పక్షానికి 1,000. సున్నా అని చెప్పిన ప్రతి పక్షంలోనూ మీరు 1,000 డాలర్లు దాచారంటుంది యంత్రం. భృతి వెనక్కి కట్టమని నోటీసు వెళుతుంది.

అంతకు ముందు ఇలాంటి తేడా వస్తే ఉద్యోగి ఒకరు కూర్చుని, అవసరమైతే యజమానిని అడిగి, నిజం తేల్చేవారు. కొత్త పద్ధతిలో ఆ పని నోటీసు అందుకున్నవారి మీద పడింది. ఏళ్ల కిందటి జీతపు చీటీలు వారే వెతికి తేవాలి. మూతపడిన దుకాణంలో పనిచేసినవారు ఎక్కడి నుంచి తెస్తారు? తేలేకపోతే యంత్రం లెక్కే ఖాయం. సగటు లెక్క చట్టానికి సరిపడదని ప్రభుత్వ న్యాయ సలహాదారులు 2014లోనే చెప్పారు. అయినా పథకం 2019 దాకా నడిచింది, లక్షల మందికి అప్పులు అంటగట్టింది. ఇది న్యాయమైనదీ కాదు, చట్టబద్ధమైనదీ కాదు, మొరటుగా, క్రూరంగా సాగిందని 2023లో రాయల్ కమిషన్ అనే అధికారిక విచారణ సంఘం తేల్చింది.

నెదర్లాండ్స్‌లో శిశు సంరక్షణ భృతి తీసుకునే తల్లిదండ్రులు ఒక సంతకం మరచిపోయినా మోసగాళ్లుగా ముద్రపడి, మొత్తం సొమ్ము వెనక్కి కట్టవలసి వచ్చింది. ఎవరిని తనిఖీ చేయాలో సూచించే ప్రోగ్రాము జాతీయతను కూడా లెక్కలోకి తీసుకుంది. వేల కుటుంబాలు ఛిన్నాభిన్నమయ్యాయి. 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది.

బ్రిటన్ తపాలా సంస్థలో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ 1999 నుంచి వాడుకలోకి వచ్చింది. అది లేని లోటును చూపించేది. తపాలా కార్యాలయాలు నడిపేవారిని ఆ సొమ్ము కట్టమనేవారు, కట్టలేకపోతే దొంగతనం కేసు పెట్టేవారు. ఈ సమస్య మీ ఒక్కరికేనని సహాయ కేంద్రం చెప్పిందని ఎందరో తర్వాత సాక్ష్యమిచ్చారు. 900 మందికి పైగా దోషులయ్యారు. కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసే చట్టం 2024లో గానీ రాలేదు. ఇందులో అందరూ తెలుసుకోవలసిన న్యాయసూత్రం ఒకటి ఉంది. కంప్యూటర్ సక్రమంగానే పనిచేసిందని కోర్టు ముందుగా అనుకోవాలి, కాదంటే కాదన్నవారే చూపించాలి. ఆ నియమం ఇంగ్లండ్‌లో హొరైజన్ వచ్చిన కాలంలోనే అమల్లోకి వచ్చింది. యంత్రం లోపలి చిట్టాలన్నీ సంస్థ దగ్గర ఉంటే, తప్పు నిరూపించవలసినది తపాలా కౌంటర్ వెనుక కూర్చున్న మనిషి.

ఈ మూడు చోట్లా సాంకేతికత కొత్తదేమీ కాదు, తెలివైనదీ కాదు. ఒకచోట భాగహారం, ఒకచోట అనుమానాల జాబితా, ఒకచోట కూడికలు తీసివేతలు. విషం నిరూపణ భారం చేతులు మారడంలో ఉంది. ఐరోపా సమాఖ్యలో 2018 నుంచి అమలవుతున్న, వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే జీడీపీఆర్ చట్టం 22వ అధికరణం, జీవితాన్ని గట్టిగా తాకే నిర్ణయం యంత్రం ఒక్కటే తీసుకోకుండా ఉండే హక్కు ఇస్తోంది. మంచిదే. కానీ మనిషి అంటే యంత్రం చెప్పినదానికి ఆమోదం అని నొక్కే మనిషి కాదు. దాన్ని ఆపే అధికారం, ఆపడానికి సమయం, ఆపితే శిక్ష పడదనే భరోసా ఉన్న మనిషి కావాలి. అభ్యంతరం తేలేదాకా వసూలు ఆగాలి. నిర్ణయానికి కారణం ఏ లెక్కతో వచ్చిందో నోటీసులోనే రాసి ఉండాలి.

దీనికి ముందు మెట్టు చట్టసభలో ఉంది. పన్నుల చట్టంలో ఆదాయం ఏడాది లెక్క, భృతుల చట్టంలో పక్షం లెక్క. ఈ తేడాను ఏ సాఫ్ట్‌వేరూ నిజాయితీగా పూడ్చలేదు. డెన్మార్క్‌లో 2018లో పార్టీలన్నీ ఒప్పుకుని ఏడు సూత్రాలు పెట్టుకున్నాయి. బిల్లు రాసేటప్పుడే నియమాలు సరళంగా ఉన్నాయా, ఒకే మాటకు అన్ని చట్టాల్లో ఒకే అర్థం ఉందా, ఉన్న డేటాతో అమలు సాధ్యమా అని చూడాలన్నది వాటి సారం. అంటే కంప్యూటర్ తెలిసినవారు చట్టం అయ్యాక కాదు, ముసాయిదా దశలోనే బల్ల దగ్గర ఉండాలి.

ఆస్ట్రేలియా కూడా చివరికి అదే చోటికి వచ్చింది. 2018 నుంచి పెద్ద యజమానులు జీతం ఇచ్చిన ప్రతిసారీ ఆ వివరం పన్నుల శాఖకు పంపడం మొదలైంది. 2020 డిసెంబరులో భృతుల నియమం మారింది. సంపాదించిన రోజును బట్టి కాక, జీతం చేతికి అందిన రోజును బట్టి లెక్క. ఆ పక్షంలో యజమాని పంపిన అంకె ఇప్పుడు పౌరుడి ఫారంలో ముందే నిండి ఉంటుంది. సరిపోతే నిర్ధారిస్తారు, తేడా ఉంటే అక్కడికక్కడే దిద్దుతారు.